కార్పొరల్ తల్లికి చోళ్ళ కల్లు

మా అత్తగారు దేవుళ్ల మధ్య తేడా చూపించేది కాదు. పని జరక్కపోతే అందరినీ సమానంగా తిట్టేది. మా ఇంటి అమ్మవారిని, కూలీల ఇళ్ల లైన్ల చివర తాటాకులాంటి అత్తాపు ఆకు కప్పిన చర్చిలో ఉన్న ఏసుని, చివరికి చైనావాడి కొట్టు గుమ్మం మీద ఎర్రదీపం పెట్టుకున్న దేవుణ్ణి కూడా వదిలేది కాదు. పని జరిగితే మాత్రం ఎవరికి ఇవ్వాల్సింది వాళ్లకి ఇచ్చేసేది. అందుకే ఆ ఆఫ్రికా సిపాయి వచ్చి తన అవసరం చెప్పినప్పుడు ఆవిడ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యమంతా నాకే.

నేను జార్జ్ టౌన్ పిల్లని, పెద్ద రేవుపట్నంలో పుట్టి పెరిగాను. కాన్వెంటులో చదివాను, ఇంగ్లీషు గడగడా మాట్లాడతాను, ఆ సంగతి ఎదుటివాళ్లకి తెలిసేదాకా నాకు నిద్ర పట్టేది కాదు. అలాంటిదాన్ని తీసుకొచ్చి సుంగై సుమున్ దగ్గర కొబ్బరి ఎస్టేటు కిరాణీకిచ్చి చేశారు. కిరాణీ అంటే ఎస్టేటు గుమాస్తా. మంచివాడే, కానీ దొర దగ్గితే ఈయన చొక్కా గుండీలు సర్దుకునేవాడు. ఎటు చూసినా కొబ్బరి చెట్లు, వాటి మధ్య బురద కాలవలు, చుట్టూ ముళ్లకంచె. పెళ్లైన మొదటి నెలంతా నేను ఏడుస్తూనే ఉన్నాను. రెండో నెల నుంచి పోట్లాడటం మొదలుపెట్టాను, దాంతో ఆరోగ్యం కుదుటపడింది.

అవి ఇక్కడ తెల్లవాళ్ల ప్రభుత్వం ఎమర్జెన్సీ పెట్టిన రోజులు. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకి తిండి అందకూడదని ప్రభుత్వం ఎస్టేటు లైన్లన్నిటికీ కంచె కట్టించింది. ఒక్క గింజ కూడా గేటు దాటడానికి లేదు. పొద్దున్నే పనికి వెళ్లేవాళ్ల బుట్టలు, సైకిలు గొట్టాలు, ఆడవాళ్ల కొప్పులు కూడా వెతికేవారు. వెతకడానికి పోలీసులు చాలక, న్యాసాలాండ్ నుంచి వచ్చిన ఆఫ్రికా పటాలాన్ని తెచ్చి మా ఫుట్‌బాల్ మైదానంలో గుడారాలు వేయించారు.

వాళ్లు రాకముందే వాళ్ల గురించి కథలు వచ్చాయి. మనుషుల్ని తింటారని మా పక్కింటామె ఒట్టేసి చెప్పింది. తీరా వచ్చిన మొదటి ఆదివారమే వాళ్లు బట్టలు ఇస్త్రీ చేసుకుని, వరసగా నడుచుకుంటూ మా అత్తాపు చర్చికి వచ్చి కీర్తన ఎత్తుకున్నారు. గొంతులో గొంతు కలిసి, కింద నుంచి ఒకటి, పైనుంచి ఒకటి. నేను పొయ్యి మీద పప్పు మాడుతున్నా లేవకుండా వింటూ కూర్చున్నాను. మా పక్కింటామె కూడా విన్నది. తర్వాత ఇంకెప్పుడూ తినడం గురించి మాట్లాడలేదు.

ఆ చర్చికి పెద్ద మా ఉపదేశి గారు. పాస్టరు గారు తెలుక్ ఆన్సన్ నుంచి ఎప్పుడో గానీ రారు, మిగతా కాలమంతా ఈయనదే రాజ్యం. కళింగపట్నం వైపు ఏదో పల్లెలో పుట్టి, మీసం మొలవకముందే ఓడెక్కి వచ్చి, ఇక్కడ ఏసుని నమ్ముకున్నారు. చేతిలో నల్ల గొడుగు లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. జీతాలిచ్చే రోజున ఆ గొడుగు పట్టుకుని ఎస్టేటు కల్లుపాక ఎదురుగా నిలబడి, లోపలికి వెళ్లే ప్రతివాణ్ణీ పేరుపెట్టి పిలిచి నరకం ఎలా ఉంటుందో చెప్పేవారు. మా అత్తగారు పెద్దల పేరున కూడు పెట్టినప్పుడల్లా కంచె అవతల నుంచి కేకేసేవారు.

"అప్పా, సచ్చినోళ్లు తింతారేటి? కాకులకి బువ్వ, నీకు పాపం!"

"కాకులూ దేవుడు సేసినయ్యే కదా బాబూ," అనేది మా అత్తగారు. "నువ్వు తినవు, ఆటినైనా తిననీ లా."

అప్ప అంటే మా వాళ్లలో అక్క, మాట చివరి ఆ "లా" ఇక్కడి జనం నుంచి అంటుకున్న అలవాటు. ఇద్దరికీ అదొక కాలక్షేపం. కానీ ఆయన తల్చుకుంటే ఒక్క మాటతో ఎవరినైనా దొర దగ్గర ఇరికించగలరు. ఇంట్లో కల్లు గానీ సారా గానీ కాచినట్టు తెలిస్తే ఎస్టేటు నుంచి గెంటేస్తారు. ఆ విషయంలో ఉపదేశి గారికి బంధుత్వాలు, మొహమాటాలు లేవు.

అప్పటికి నాకు కడుపు. పుట్టబోయే బిడ్డకి పిండి కావాలని మా అత్తగారు చోళ్ళు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి మొలకెత్తించి, పెరట్లో చాప మీద ఎండబోసింది. చోళ్ళంటే రాగులే, మా వాళ్లు అలాగే అంటారు. ఒక మధ్యాహ్నం నేను కోళ్లని అదిలిస్తూ కూర్చుంటే నేను మొదట చెప్పిన ఆ సిపాయి, పటాలంలో కార్పొరల్, గస్తీ తిరుగుతూ మా పెరటి పక్కకి వచ్చాడు. మనిషి ఎంత పొడుగంటే మా చూరు కింద నిలబడాలంటే మెడ వంచాలి. చర్చిలో కింది గొంతుతో పాడేది ఈయనే. చాప చూసి ఆగిపోయాడు. తుపాకీ భుజానికి తగిలించి, మోకాళ్ల మీద కూర్చుని, గుప్పెడు గింజలు తీసి వాసన చూశాడు. తన భాషలో దాని పేరేదో అన్నాడు. నా నోరు తిరగలేదు.

గింజలు పట్టుకుపోతాడేమోనని నేను లేచి నిలబడ్డాను. ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు.

ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషులోనే చెప్పాడు. వాళ్ల అమ్మ పోయిందని ఇంటి నుంచి కబురొచ్చింది. సెలవు ఇవ్వలేదు. వాళ్ల వైపు అమ్మ పోతే కొడుకు ఈ గింజలతో చేసిన కల్లు చెట్టు మొదట్లో పోసి పిలవాలి. అప్పుడు గానీ ఆవిడ పెద్దల్లో కలవదు. అన్నదమ్ములు లేరు, ఈయనొక్కడే కొడుకు.

"నువ్వు క్రైస్తవుడివి కదా?" అన్నాను. కాన్వెంటు బుద్ధి ఎక్కడికి పోతుంది.

"అవును," అన్నాడు. "మా ఊళ్లో కల్లు తాగితే సంఘం నుంచి తీసేస్తారు కూడా. ఏసు ఆమెకి స్వర్గంలో చోటిస్తాడు, అది నాకు తెలుసు. కానీ ఇంట్లో చోటు నేను ఇవ్వాలి. ఇప్పటిదాకా ఆమె గుమ్మం బయటే నిలబడి ఉంది."

నేను ఆ మాటని తెలుగులో మా అత్తగారికి చెప్పాను. ఆవిడ తమలపాకు నమలడం ఆపి, "గింజలెన్ని కావాలంట?" అంది.

కష్టం గింజలతో తీరలేదు. ఆ కల్లు మగవాళ్లు చేయకూడదట. ఆ ఇంటి ఆడది చేయాలి, అదీ పిల్లలు కనే వయసు దాటిన పెద్దావిడ. పటాలంలో ఆడవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? కల్లుపాకలో కొబ్బరికల్లు కొందామంటే వాళ్ల అమ్మకి అది కొత్త. పైగా వచ్చే వారం ఆదివారం తర్వాత పటాలం వేరే చోటికి మారుతోంది. అక్కడ అడవి తప్ప ఇల్లు లేదు. చోళ్ళు ఆరబోసిన పెరడు ఇంకోటి దొరకదని ఆయనకి తెలుసు.

ఇదంతా చెప్పి ఆయన మా అత్తగారి వైపు తిరిగి, టోపీ తీసి, రెండు చేతులూ నెమ్మదిగా చప్పట్లు కొట్టాడు. పెద్దవాళ్లని అడగడం అలాగేనట.

"ఏటంతాడు?" అంది మా అత్తగారు.

"నిన్ను వాళ్లమ్మ చెల్లెలివి కమ్మంటున్నాడు అత్తా."

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందకి చూసింది. చూడటానికి కొంచెం సమయం పట్టింది, అంత పొడుగు మరి. "ఇంత సెట్టంత కొడుకు నాకు ఊరికే వత్తాడేటి! సేత్తానని సెప్పు. పిన్నమ్మనే లా నాను."

రాత్రి భోజనం దగ్గర సంగతి విని మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మీ ఇద్దరికీ మతిపోయిందేటి? దొరకి తెలిస్తే నా పని పోతాది. ఉపదేశి గారికి తెలిస్తే దొరకి తెలుస్తాది. గర్భిణీ మనిషిని ఏ చెట్టుకింద పెట్టమంటారు నన్ను?"

"నా కొడుకు కదా వాడు," అంది మా అత్తగారు. "నీకు తమ్ముడవుతాడు. తమ్ముడి తల్లికి సెయ్యవా?"

మా ఆయన చాలాసేపు ఆలోచించి ఒక ధైర్యమైన నిర్ణయం తీసుకున్నాడు. ఆ ఆదివారం హుటాన్ మెలింటాంగ్‌లో తనకి పడవల మీద వచ్చే సామాను పని ఉందని, తనకేమీ తెలియదని, తను ఏమీ చూడలేదని. నేను నవ్వాపుకోలేక లోపలికి పారిపోయాను.

మా అత్తగారు తిరగలి వేసింది. కొంత పిండి జావ కాచి, చల్లార్చి, మిగతా మొలకల పిండి అందులో కలిపి కుండలో పోసి మూతికి గుడ్డ కట్టింది. కార్పొరల్ రోజూ గస్తీ సాకుతో వచ్చి కంచె దగ్గర నిలబడి ఎలా చేయాలో చెప్పేవాడు, నేను తెలుగు చేసేదాన్ని. ఆవిడ సగం వినేది, సగం తనకి తోచింది చేసేది. స్నానం చేసి తడిబట్టతోనే కుండ దింపింది, మెడకి పసుపుతాడు కట్టి బొట్టు పెట్టింది. అది చూసి కార్పొరల్ లోపలికి వచ్చి, చోళ్ళ పిండి వేలితో అద్దుకుని బొట్టు కింద ఒక సిలువ గీశాడు. ఇద్దరూ వెనక్కి జరిగి కుండని చూసుకుని తృప్తిగా తలలూపారు. అంత ముస్తాబైన కుండని నేను మళ్లీ చూడలేదు.

రెండో రోజుకి కుండ గుడగుడలాడింది. మూడో రోజుకి ఇల్లంతా పుల్లటి వాసన. నేను భయంతో అగరొత్తులు వెలిగిస్తే రెండూ కలిసి ఇంకా ఘోరంగా తయారైంది.

ఆదివారం ప్రార్థన అయిపోయాక కార్పొరల్ తనవాళ్లు కొందరిని వెంటబెట్టుకుని మా పెరట్లోకి వచ్చాడు. కొమ్మలున్న పెద్ద చెట్టు కావాలన్నాడు, కంచె లోపల కొబ్బరి కానిది మా రంబుతాన్ పళ్ల చెట్టు ఒక్కటే. దాని మీద మా అత్తగారికి ప్రాణం. పూత మీద ఉంది, కొమ్మ తగలకుండా చూడమని పటాలమంతటినీ హెచ్చరించింది. లైన్ల ఆడవాళ్లు ఒకరొకరే వచ్చి వంటింటి గోడ దగ్గర నిలబడ్డారు. రహస్యాన్ని నేను ఎవరికీ చెప్పలేదు, అయినా అందరికీ తెలిసిపోయింది.

మొదట కీర్తన పాడారు. తర్వాత పరలోక ప్రార్థన చెప్పుకున్నారు. ఆ తర్వాత కార్పొరల్ బూట్లు విప్పి, చెట్టు మొదట్లో మోకరించి, చిటికెడు పిండి చల్లి, తన అమ్మని, అమ్మమ్మని, ఆ వెనకవాళ్లని పేరుపేరునా పిలిచి కల్లు వంచాడు. నేల తాగేస్తే అమ్మ తాగినట్టు. అది నాకు ముందే చెప్పాడు.

నేల తాగలేదు.

మా వైపు మట్టి తెలిసిందే. సముద్రపు బంక, వాన నీళ్లే రోజుల తరబడి నిలబడతాయి. కల్లు చిన్న మడుగులా చెట్టు మొదట్లో నిలిచిపోయింది. అందులో రంబుతాన్ పువ్వు ఒకటి తేలుతోంది. కార్పొరల్ ఎదురుచూశాడు. ఆయన ముఖం చూడలేక నేను పక్కకి తిరిగాను. అంత పెద్ద మనిషి, తల్లి మొహం తిప్పుకుందని చిన్నపిల్లాడిలా బిక్కచచ్చి కూర్చున్నాడు. నాకు ఆ మట్టి మీద, దొర మీద, సెలవివ్వని వాళ్లందరి మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

సరిగ్గా అప్పుడే పెరటి తలుపు దగ్గర నల్ల గొడుగు కనిపించింది.

పాట విని వచ్చారు ఉపదేశి గారు. వంటింటి గోడ దగ్గర ఉన్న ఆడవాళ్లు గోడలో కలిసిపోదామని చూశారు. మా అత్తగారు మాత్రం ఒక్క క్షణం తడబడలేదు. లోటా ముంచి ఆయన చేతిలో పెట్టింది. "ఎండనపడి వచ్చినావు బాబూ. చోడి అంబలి, కాసింత పులిసింది. తాగు లా."

చూడటానికి అంబలిలాగే ఉంటుంది, నిజమే. అదే రంగు, అదే చిక్కదనం. ఆయన ఒక గుక్క తాగారు. ఆగారు. మిగతాది కూడా తాగారు. లోటా కింద పెట్టకుండా, బొట్టూ సిలువా ఉన్న కుండ వంక చూశారు, తర్వాత చెట్టు మొదట్లోని మడుగు వంక చూశారు.

"ఎవరికిది?" అన్నారు.

మా అత్తగారు ఇంకో అబద్ధానికి నోరు తెరిచేలోపు నేను కక్కేశాను. "వాళ్లమ్మకండీ. పోయిందట. ఆవిడ తాగట్లేదని బాధపడుతున్నాడు."

ఉపదేశి గారు గొడుగు మూసి నడుచుకుంటూ వెళ్లి కార్పొరల్ పక్కన నిలబడ్డారు. ఇక నరకం గురించి మొదలవుతుందనుకున్నాను. ఆయన వంగి, గొడుగు మొన నేలలో గుచ్చారు. లాగి, పక్కనే మళ్లీ గుచ్చారు. చెట్టు మొదలు చుట్టూ గుచ్చుకుంటూ తిరిగారు.

"ఇది బంక నేల," అన్నారు, తోటపని చెబుతున్నంత మామూలుగా. "పొడిత్తే గానీ దిగదు. ఆడికి సెప్పమ్మా, ఆల్లమ్మ తప్పేటీ లేదని."

బుడగలు వచ్చాయి. మడుగు కదిలింది, అంచు నుంచి తగ్గుతూ తగ్గుతూ వచ్చి, మేం చూస్తుండగానే మొత్తం లోపలికి దిగిపోయింది. కార్పొరల్ నుదురు నేలకి ఆనించి పెద్దగా ఏడ్చాడు, లేచి పెద్దగా నవ్వాడు. ఆయనవాళ్లంతా ఒక్కసారిగా పాట ఎత్తుకున్నారు. అది మన ఉపదేశి గారికి తెలిసిన రాగమే. ఆయన తెలుగు మాటలతో, వాళ్లు వాళ్ల మాటలతో, ఒకరినొకరు ఆపకుండా పాడారు. మా అత్తగారికి ఏ మాటలూ రావు, అయినా అందరికన్నా గట్టిగా పాడింది.

తర్వాత కార్పొరల్ అన్నాడు, మొదలుపెట్టాక ఎవరి అమ్మనైనా పిలవొచ్చని, చెట్టు ఒకటే కదా అని. నేను తెలుగులో చెప్పగానే మా అత్తగారు తన తల్లి పేరు కేకేసింది. గోడ దగ్గరి ఆడవాళ్లు మెల్లగా ముందుకొచ్చారు. సముద్రం అవతల పోయిన తల్లులు, ఎప్పుడు పోయారో కూడా సరిగా తెలియని తల్లులు. ఏళ్ల తరబడి ఎవరూ నోటితో అనని పేర్లన్నీ ఆ మధ్యాహ్నం మా పెరట్లో వినిపించాయి. ఒకామె పేరు చెప్పి, మళ్లీ సిగ్గుపడి నవ్వి, ఇంకోసారి చెప్పింది.

ఉపదేశి గారు నోరు విప్పలేదు. ఇంకో లోటా అడిగి తీసుకుని చెట్టుకి అవతలి పక్కకి వెళ్లి, మాకు వీపు చేసి కాసేపు నిలబడ్డారు. తిరిగి వచ్చి ఖాళీ లోటా మా అత్తగారికిచ్చి, "అంబలి బాగుందప్పా," అని గొడుగు తెరుచుకుని వెళ్లిపోయారు. దొర దాకా మాట వెళ్లలేదు. సాయంత్రం మా ఆయన వచ్చి, ఏమీ చూడని మనిషి, కుండ అడుగున ఏమైనా మిగిలిందా అని అడిగాడు.

కార్పొరల్ వెళ్లే ముందు వచ్చి మా అత్తగారి ముందు మళ్లీ చప్పట్లు కొట్టాడు. ఆవిడ గుప్పెడు చోళ్ళు ఆయన జేబులో పోసింది. గేటు దగ్గర అందరి బుట్టలూ వెతికే మనిషి జేబు ఎవరు వెతుకుతారు? ఆ ఏడాది మా రంబుతాన్ విరగకాసింది. తల్లులు తాగి అరిగించుకుంటున్నారని మా అత్తగారు ఊరంతా చెప్పుకుంది.

కొన్నేళ్లకి మెర్డెకా వచ్చింది, దేశానికి స్వాతంత్ర్యం. ఆ రోజు ఎస్టేటుకి సెలవు. నా పెద్దకూతురు కాగితం జెండా పట్టుకుని పెరట్లో పరుగులు పెడుతోంది. మా అత్తగారు పండగని అంబలి చేసింది, నిజం అంబలి. ఉపదేశి గారు వచ్చి రంబుతాన్ నీడలో పీట మీద కూర్చుని లోటా అందుకున్నారు. తల నెరిసిపోయింది, గొడుగు మాత్రం అదే. ఒక గుక్క తాగి ముఖం చిట్లించారు.

"ఆ రోజుది దీనికన్నా బాగుండీదప్పా."

మా అత్తగారు నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"అంబలేదో కల్లేదో నాకు తెల్దనుకున్నావేటి?" అన్నారాయన. "గుమ్మంలో వాసనకే తెలిసినాది. మాయమ్మ సేసీది. మా కొండకింద ఊల్లో దానికి మించినది లేదు. నానొచ్చేటప్పుడు రేవుకి కుండతో వచ్చినాది. ఓడోళ్లు ఎక్కనివ్వలేదు, కుండనీ మాయమ్మనీ."

చెట్టు మొదలు వైపు చూశారు. "ఆ రెండో లోటా నాను తాగలేదప్పా. మాయమ్మకే పోసినాను. పేరు మాత్రం పైకి అనలేదు, నోట్లోనే అనుకున్నాను."

మా అత్తగారు జోకేస్తుందనుకున్నాను. వేయలేదు. "ఇప్పుడను," అంది.

ఆయన చెట్టు వైపు తిరిగి తల్లి పేరు చెప్పారు. సరిగా వినపడలేదని మా అత్తగారు మళ్లీ చెప్పమంది, మళ్లీ చెప్పారు. ఈసారి కంచె దాటి వినిపించింది. నా కూతురు పరుగు ఆపి, అదేదో ఆట అనుకుని, ఆ పేరునే కేకేసి మళ్లీ పరిగెత్తింది.

"మరి ఇంకేటి," అంది మా అత్తగారు, ఆయన లోటా మళ్లీ నింపుతూ. "గుమ్మం లోపలికొచ్చీసినాది మీయమ్మ."

ఉపదేశి గారు కళ్లు తుడుచుకుని అంబలి తాగారు. ఇంకొంచెం పులవాల్సిందన్నారు.